మా వార్డులో ఒకే కప్పు

“నేటి నుంచి మన వార్డులో పారిశుద్ధ్య కార్మికులకూ పౌరులకూ మధ్య గల కప్పుభేదం శాశ్వతంగా రద్దు చేయడమైనది!”

కౌన్సిలర్ ఫణీంద్ర గారు బ్యాటరీ రిక్షాకి మైకు కట్టించుకుని ఈ ప్రకటన చేసినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చరిత్ర మన ఇంటి ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఒళ్ళో చిక్కుడుకాయలు ఉండడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. లేచి నిలబడ్డాను.

ఆయన అదే మాట బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పారు. చివర్లో “ఈక్వల్ కప్, ఈక్వల్ డిగ్నిటీ” అని ఇంగ్లీషులో ముగించారు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నాయకుడికి నాలుగు భాషలు రావడం వింత కాదు. నాలుగింటిలోనూ ఒకే మాట మీద నిలబడడం గొప్ప.

పథకం చాలా సులువు. ఇంటివాళ్ళు ఏ రకం కప్పులో టీ తాగుతారో, చెత్త తీసుకెళ్ళే మనిషికి అదే రకం కప్పులో టీ ఇవ్వాలి. ఇద్దరూ కలిసి తాగుతున్న ఫొటో రోజూ పదింటిలోగా వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పేరు చివర ‘గారు’ చేర్చాలి. ఇలా పదిహేను రోజులు. పదిహేనో రోజున జిల్లా నుంచి అధికారిణి వచ్చి తనిఖీ చేస్తారు. నెగ్గిన వార్డుకి ‘ఆదర్శ వార్డు’ బిరుదు. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఫణీంద్ర గారు, ఎవరూ అడక్కముందే, స్వయంగా చెప్పారు.

మా వీధిలో పారిశుద్ధ్య కార్మికులు అంటే దాలమ్మ. బహువచనం గౌరవార్థం. ఝపటాపూర్ పక్కన అరవై నాలుగు ఇళ్ళ వీధి మాది. సగానికి పైగా తెలుగువాళ్ళం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాప్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆ అరవై నాలుగు ఇళ్ళ చెత్తనీ దాలమ్మ ఒక్కతే రెండు చక్రాల తోపుడుబండిలో వేసుకుని తాల్‌బగీచా రోడ్డు మీదున్న కుప్ప దాకా నెట్టుకుపోతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని.

ప్రకటన జరిగేసరికి ఆవిడ మా పక్కింటి ముందే ఉంది. ఫణీంద్ర గారు మైకు పక్కన పెట్టి పిలిచారు.

“దాలమ్మ గారూ! ఇలా రా!”

“ఏటి బాబూ?”

“ఇవాళ్టి నుంచి నీకు గౌరవం.”

“అలాగే బాబూ. మరి సక్రం మాటేటి?”

“ఏ చక్రం?”

“బండి సక్రం. దుర్గాపూజల కాడ నుంచి సెప్తన్నాను కదా. కుడి సక్రం ఊగిపోతంది. బండి ఆగిపోతే ఈ లైను కాంట్రాక్టోల్లకి రాసేస్తానని సూపర్వైజరు అంటన్నాడు. పంతొమ్మిదేళ్ళ లైను బాబూ. ఇది పోతే ఈ మోకాలేసుకుని నేనెక్కడికెల్తాను?”

ఫణీంద్ర గారు ఓపిగ్గా నవ్వారు. “చూడు దాలమ్మ గారూ. చక్రం మెటీరియల్. గౌరవం మోరల్. ముందు మోరల్ సెటిల్ చేద్దాం.”

దాలమ్మ చక్రం వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

“బేగి సెటిల్ సేసీండి బాబూ,” అంది.

మా ఇంట్లో మొదటి నుంచీ ఏ భేదాలూ లేవు. దాలమ్మకి ప్రత్యేకంగా ఒక స్టీలు గ్లాసు ఉంది. అది ప్రత్యేకంగా వంటింటి కిటికీ బయట ఉంటుంది. నేను పైనుంచి పోస్తాను, ఆవిడ తాగి తనే కడిగి తనే పెట్టేస్తుంది. ప్రత్యేకమైన వాళ్ళకే కదా ప్రత్యేకంగా ఉంచుతాం. ఇంత చక్కటి ఏర్పాటున్న ఇంట్లోకి పథకం వచ్చాకే ఇబ్బంది మొదలైంది.

ఆ మధ్యాహ్నం వీధి ఆడవాళ్ళం సుజాతమ్మ పిన్ని ఇంట్లో సమావేశమయ్యాం.

“మా అద్దాల బీరువాలో పూల పింగాణీ కప్పులున్నాయి వదినా,” అంది హైమవతి. “ఇవ్వడానికేటి? ఇస్తాను. ఇచ్చినాక దాని సంగతేటి అని.”

“కడుగుతాం కదా,” అన్నాను.

“కడుగుతాం. కడిగినాక?”

ఎవరింటి కప్పులు వాళ్ళం మనసులో లెక్కపెట్టుకున్నాం. చివరికి సుజాతమ్మ పిన్ని గొంతు సవరించుకుంది. పిన్ని చదివింది ఏడో తరగతే అయినా ఆలోచన పెద్దది.

“ఖరిదా బజార్లో మట్టికప్పులు నేవేటర్రా? స్టేషన్లో, టీ కొట్టు కాడ అందరం తాగి కింద పడేసేవి? మనమూ అందులోనే తాగుదాం, దానికీ అందులోనే పోద్దాం. తాగి పడేద్దాం. ఎవరి కప్పూ ఎవరూ కడగక్కర్నేదు. ఎవరి తర్వాతా ఎవరూ తాగక్కర్నేదు. కప్పు ఒకటే రకం. పథకం అదే కదేటి?”

సమానత్వం ఇంత తేలిగ్గా ఉంటుందని అప్పటిదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాటికి వీధి వీధంతా మట్టికప్పులు వచ్చేశాయి. పదింటికల్లా గ్రూపులో అరవై నాలుగు ఫొటోలు. అన్నిటిలోనూ ఎడమవైపు ఇంటివాళ్ళు, కుడివైపు దాలమ్మ, మధ్యలో రెండు మట్టికప్పులు. “హండ్రెడ్ పర్సెంట్ కంప్లయెన్స్!” అని ఫణీంద్ర గారు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఫొటో దిగాక కప్పుని గేటు ముందు నేలకేసి కొట్టడం మాకెవరూ నేర్పక్కర్లేదు. ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళకి అది చేతికి అలవాటైన పని. పింగాణీ పగిలితే బాధ. మట్టికప్పు పగిలితే అదొక తృప్తి.

మూడో రోజు దాలమ్మ మా గేటు పట్టుకుని నిలబడిపోయింది.

“అమ్మా, ఇరవై రెండు టీలు అయినాయి. ఇంకా నలభై రెండిళ్ళున్నాయి. పొట్టలో రైలింజను తిరగతంది.”

“ఒక్క గుక్క, దాలమ్మ గారూ. ఫొటో కోసం.”

“ఫొటోలో టీ కనపడదు కదమ్మా. ఒట్టి కప్పిస్తే సాల్దేటి?”

నిజమే. కనపడదు. ఈ మాట గంటలో వీధంతా పాకింది. నాలుగో రోజు నుంచి ఇద్దరమూ ఖాళీ కప్పులే ఎత్తి పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగుతున్నాం. ఆవిడకి టీ లేదు, మాకూ లేదు. ఇంతకంటే సమానంగా ఎవరూ ఉండలేరు. ఖాళీ కప్పే అయినా ఆవిడ చేయి తగిలాక మళ్ళీ లోపల పెట్టుకోవడానికి ఎందుకో చేతులు రాలేదు. అది పడేసి మాది ఉంచుకుంటే భేదం చూపినట్టవుతుంది. అందుకని రెండూ పడేశాం.

ఇంటికి రెండు, రోజుకి నూట ఇరవై ఎనిమిది కప్పులు. ఇదివరకు దాలమ్మ బండిలో వెళ్ళేవి కూరగాయల తొక్కలూ, కాగితాలూ. ఇప్పుడు పెంకులు. గౌరవానికి ఇంత బరువుంటుందని ఆ బండి ఊహించి ఉండదు. పదింటికి అయిపోయే పని ఒంటిగంట దాటుతోంది. ఒక్కసారి నెట్టుకెళ్ళేది రెండుసార్లవుతోంది. కుడిచక్రం చప్పుడు అవతలి వీధి నుంచే వినిపిస్తోంది.

ఎనిమిదో రోజు నేను నివాస ధ్రువపత్రం కోసం వార్డు ఆఫీసుకి వెళ్తే దాలమ్మ అక్కడే ఉంది. చీర కొంగుతో చెయ్యి కట్టుకుంది, పెంకు గీసుకుంది.

“పెంకులు ఎక్కువైపోయినాయి బాబూ. మొయ్యనేకపోతన్నాను.”

ఫణీంద్ర గారి ముఖం వెలిగిపోయింది. “ఎక్కువయ్యాయా? ఎంత ఎక్కువ?”

“రెండు బళ్ళు.”

“రాసుకో!” అన్నారు గుమాస్తాతో. “పెంకులు పెరిగాయంటే గౌరవం పెరిగినట్టే కదా. ఇది కంప్లయింట్ కాదు దాలమ్మ గారూ. ఇది డేటా.”

“డేటా బరువెక్కువగా ఉంది బాబూ. సక్రం తట్టుకోదు.”

“చక్రం చక్రం అంటావేం? నీకోసం కొత్త బండే తెప్పిస్తున్నాను!”

ఆయన మాట తప్పే మనిషి కాదు. పదకొండో రోజు బండి వచ్చింది. ఆకుపచ్చ రంగు, రబ్బరు టైర్లు, బాల్ బేరింగులు. వేలితో నెడితే వెళ్ళిపోయేలా ఉంది. ఫణీంద్ర గారి వరండాలో ప్లాస్టిక్ కవరు కప్పి, ముందు ఎర్ర రిబ్బను కట్టి నిలబెట్టారు. సాయంత్రం నాలాగే దాలమ్మ కూడా వచ్చి చూసింది. కవరు మీదనుంచే టైరుని ఒకసారి నిమిరింది.

“రేపటి నుంచి తోసుకెల్లనా బాబూ?”

“అయ్యో, ఇది మోడల్! పదిహేనో రోజు మేడమ్ రిబ్బను కత్తిరిస్తారు. తర్వాత మిగతా వార్డుల్లో ప్రదర్శనకి వెళ్తుంది. ఇందులో చెత్త వేస్తే పాడైపోదూ? రేపు మీకు ఎలాంటి బండి ఇవ్వదలిచామో జనానికి ఎలా తెలుస్తుంది?”

“పోనీ, ఒక్క సక్రం ఇప్పించండి. పదిహేనో రోజు పొద్దున్నకి తెచ్చి మల్లీ బిగించేస్తాను.”

ఫణీంద్ర గారు నా వైపు తిరిగి, “సెన్సాఫ్ హ్యూమర్ చూశారా!” అని మెచ్చుకున్నారు.

మా వీధి సంగతి ఇంకొకటి చెప్పాలి. రైల్వేలో చేసి రిటైరైన మగవాళ్ళు ఇక్కడ చాలామంది. అందులో పదకొండు మంది వర్క్‌షాప్‌లో చక్రాల విభాగం వాళ్ళే. మా ఆయన జగ్గారావు ముప్పై రెండేళ్ళు అందులోనే చేశారు. ఎదురింటి భద్రయ్య గారు అక్కడే మా ఆయనకి పైన ఛార్జ్‌మన్‌గా చేశారు. దేశంలో తిరిగే రైళ్ళలో కొన్నైనా వీళ్ళ చేతి మీదుగా వెళ్ళినవే. కాబట్టి దాలమ్మ పన్నెండో రోజున బండిని సరైన చోటికే, అంటే మా గేటు ముందుకే తెచ్చింది.

“బాబూ, మీరు రైలు సక్రాలు బిగించినోరు. ఇది ఒక్కసారి సూడండి.”

మా ఆయన వెంటనే బయటికి వచ్చారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వంగి చూశారు. ఎదురింటి నుంచి భద్రయ్య గారు కూడా అలాగే చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు.

“బేరింగ్ పోయినాది,” అన్నారు మా ఆయన.

“బేరింగ్ కాదోయ్. యాక్సిల్ వంగింది. ఆ ఊపు చూడు.”

“యాక్సిల్ అయితే ఎడమదీ ఊగాలి కదండీ.”

“క్లియరెన్స్ చూస్తే తేలిపోద్ది.”

“క్లియరెన్స్ చూడాలంటే చక్రం పట్టుకోవాలి.”

“అక్కర్లేదు. అనుభవం ఉన్నోళ్ళకి దూరం నుంచే తెలుస్తది.”

ఇంకో ఇద్దరు వచ్చారు. అరగంట చర్చ జరిగింది. నేను వాకిట్లో నిలబడి విన్నాను. అంత పరిజ్ఞానం ఒక్కచోట చూడడం నాకదే మొదటిసారి. చివరికి భద్రయ్య గారు తీర్పు చెప్పారు. “ఇది అర్జెంటుగా అటెండ్ అవ్వాల్సిన కేసు దాలమ్మ గారూ. ఒక్క రోజు కూడా అశ్రద్ధ చేయకూడదు.”

“అలాగే బాబూ,” అంది దాలమ్మ.

అందరూ తృప్తిగా లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ కొబ్బరితాడు తెచ్చుకుని చక్రాన్ని ఇరుసుకి కట్టుకుంది.

పదిహేనో రోజు వచ్చింది. ఫణీంద్ర గారి గేటు ముందు షామియానా, కుర్చీలు. వీధి మొత్తం పట్టుచీరలు కట్టుకుని, చేతిలో ఒక్కో మట్టికప్పుతో నిలబడ్డాం. మేడమ్ వచ్చేలోగా వీధిలో ఒక్క పెంకు కూడా కనపడకూడదని ఆజ్ఞ. అందుకని దాలమ్మ పదిహేను రోజుల మిగులు పెంకులన్నీ ఒకే బండిలో ఎక్కించింది. తొమ్మిదిన్నరకి, సరిగ్గా ఫణీంద్ర గారి గేటు ముందు, కొబ్బరితాడు తెగింది. చక్రం దొర్లుకుంటూ వెళ్ళి మొదటి వరుస కుర్చీల దగ్గర ఆగింది. బండి పక్కకి ఒరిగిపోతుంటే దాలమ్మ భుజం ఆనించి ఆపింది.

“కదలకండి దాలమ్మ గారూ!” అన్నారు ఫణీంద్ర గారు కంగారుగా. “మేడమ్ కారు మలుపు తిరిగింది!”

“కదిల్తే కదా బాబూ. ఒదిలేస్తే అంతా మీ కార్పెట్టు మీదే పడద్ది. అటేపు ఎవరన్నా ఒకరు పట్టండి.”

అటువైపు చాలామందిమి ఉన్నాం. అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి. ఫణీంద్ర గారు పూలదండ తెచ్చారు.

“కొంచెం తల వంచండి.”

“వంచితే బండి పడిపోద్ది.”

ఆయన సమయస్ఫూర్తి గల మనిషి. దండని బండి పిడికి వేశారు.

ఇంతలో జిల్లా అధికారిణి చాందిని మేడమ్ కారు దిగి నడుచుకుంటూ వచ్చారు. చిన్న వయసు, తెల్ల బూట్లు. ఒరిగిన బండినీ, దాని కింద దాలమ్మనీ చూసి ఆగిపోయారు. “ఉధర్ సే కౌన్ పకడేగా?” అని అడిగారు. అటువైపు ఎవరు పట్టుకుంటారు అని.

హిందీ వచ్చిన వాళ్ళం కూడా కప్పుల్ని రెండు చేతులతో పట్టుకున్నాం.

మేడమ్ మా అందరినీ ఒకసారి చూసి, తనే ముందుకు వెళ్ళి బండి అంచు మీద రెండు వేళ్ళు వేశారు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు.

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. అరవై నాలుగు ఇళ్ళ వాళ్ళూ ఒక్కసారిగా బండి మీద పడ్డారు. ఫణీంద్ర గారు ఒక చేయి, భద్రయ్య గారు ఒక చేయి, మా ఆయన రెండూ. సుజాతమ్మ పిన్నికి బండి అందక భద్రయ్య గారి మోచెయ్యి పట్టుకుంది. నాకు ఒక మేకు దొరికింది. బండి నేల మీద నుంచి రెండడుగులు లేచింది. దాలమ్మ అవసరం లేకపోవడంతో ఆవిణ్ణి వెనక్కి జరిపేశారు. ఫొటోగ్రాఫర్ ఒకటి, రెండు, మూడు తీశాడు. “ఓకే!” అన్నాడు. అందరం ఒకేసారి వదిలేశాం.

రెండో చక్రం అప్పుడు ఊడింది.

“ఖూబ్ భాలో!” అన్నారు మేడమ్, చాలా బాగుంది అని. “ఇది నిజమైన టీమ్ వర్క్.”

“మా వార్డు కల్చరే అంత మేడమ్,” అన్నారు ఫణీంద్ర గారు. అని, చేతుల వైపు చూసుకున్నారు. ఆయన చూసుకోగానే మేమూ చూసుకున్నాం.

ఆయన పెరట్లో కుళాయి ఒక్కటే, సబ్బు ఒక్కటే. అందరం వరుసలో నిలబడ్డాం. వరుసలో చిన్నా పెద్దా చూడలేదు. ఫణీంద్ర గారు మాత్రం ముందు కడుక్కున్నారు. మేడమ్ తన బ్యాగులోంచి చిన్న సీసా తీసి ఆ రెండు వేళ్ళకీ రాసుకుని, ఫోను మాట్లాడుతూ కారులో కూర్చున్నారు. కొందరు మోచేతుల దాకా కడిగారు. మా ఆయన గోళ్ళలో పుల్ల పెట్టి కడిగారు. నేను రెండుసార్లు రుద్దుకున్నాను. సబ్బు మంచిది, చందనం వాసన. ముప్పావుగంట పట్టింది.

“ఇక రిబ్బను కటింగ్!” అని ఫణీంద్ర గారు వరండాలోకి వచ్చి నిలబడిపోయారు.

మోడల్ బండి లేదు. ప్లాస్టిక్ కవరు నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది. గేటు ముందు విరిగిన బండి ఖాళీగా, చక్రాలు రెండూ పక్కన పెట్టి ఉంది. అందులో ఒక్క పెంకు కూడా లేదు.

రబ్బరు టైర్లు, బాల్ బేరింగులు. చప్పుడు లేదు. వీధి చివర రోడ్డు ఎత్తెక్కే చోట ఆకుపచ్చ బండి కనిపించింది. నిండా పెంకులు, చెత్త. ముందు రిబ్బను అలాగే ఉంది.

“ఆపండి! మోడల్ బండి! ఎవరైనా పట్టుకోండి!”

మగవాళ్ళందరూ పరిగెత్తారు. రిటైరయ్యాక మా ఆయన అంత వేగంగా పరిగెత్తడం నేను చూడలేదు. మేమూ వెనకాలే వెళ్ళాం. బండి చుట్టూ మూగారు. మూగి, రెండు బారల దూరంలో ఆగిపోయారు.

దాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

“వచ్చినారా బాబూ? మంచి పని సేసినారు. ఎత్తు కాడ తలో సెయ్యి ఎయ్యండి.”

“పట్టుకో జగ్గారావూ,” అన్నారు భద్రయ్య గారు.

“మీరు సీనియర్ కదండీ. మీరు పట్టండి.”

“నాకు నడుం.”

వెనక గేటు దగ్గర నుంచి ఫణీంద్ర గారి కేక వినిపిస్తోంది. “పట్టుకోండయ్యా! ఒక్కడు చాలు! ఒక్కడు పట్టుకుంటే ఆగిపోద్ది!”

దాలమ్మ ఒక్క నిమిషం ఎదురుచూసింది. తర్వాత భుజం ఆనించి తనే నెట్టింది. బండి హాయిగా ఎత్తెక్కి, తాల్‌బగీచా రోడ్డు వైపు తిరిగిపోయింది.

మా వాళ్ళు చేతులు ఒంటికి తగలకుండా పైకి పెట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇంకా తడి ఆరలేదు.